ఫొటో పాలిపోతోందా? లెన్స్ హుడ్ కొనేముందు చెయ్యి అడ్డం పెట్టి చూడండి

మా పిన్ని కూతురి పెళ్లి, పొద్దుటి ముహూర్తం, షామియానా తూర్పు వైపు మొత్తం తెరిచే ఉంది. 50 ఎంఎం లెన్స్‌తో తీసిన ఫొటోల్లో ఎర్ర పట్టుచీర గులాబీ రంగుకి దిగిపోయింది, పాతికేళ్ల పెళ్లికొడుక్కి జుట్టు నెరిసినట్టు వచ్చింది. లెన్స్ పాడైందనుకుని క్లీనింగ్‌కి డబ్బు తగలేశాను, తెచ్చుకున్న రోజే ఎండలో మళ్లీ అదే గోల. లెన్స్‌కి ఏ రోగమూ లేదు, పక్కనుంచి ముందు అద్దం మీద ఎండ పడుతోంది, అంతే. దాన్ని అడ్డుకోవడానికి లెన్స్ మూతికి గొడుగులా తగిలించే ప్లాస్టిక్ లేదా రబ్బరు తొడుగే లెన్స్ హుడ్.

సమస్య: ఫొటో మీద పాలు చల్లినట్టు ఉంది, నలుపు బూడిద రంగులో కనిపిస్తోంది

మీ ఫ్రేములో లేని వెలుతురు ఏటవాలుగా వచ్చి ముందు అద్దానికి తగిలి, లోపలి అద్దాల మధ్య అటూ ఇటూ కొట్టుకుని సెన్సార్ అంతా పరుచుకుంటుంది. ఎండే అవ్వాలని లేదు. పెళ్లి స్టేజీ మీద రంగు ఎల్‌ఈడీలు, మన పక్కనే నిలబడి వీడియో అబ్బాయి పట్టుకునే లైటు కూడా ఇదే పని చేస్తాయి.

కెమెరాని లైవ్ వ్యూలో (ఫొటో తీయకముందే దృశ్యం వెనక స్క్రీన్ మీద కనిపించే పద్ధతి) పెట్టండి, వెలుతురు వచ్చే వైపు ఎడమ చెయ్యి చాచి, చేతి నీడ ముందు అద్దం మీద పడేలా, చెయ్యి మాత్రం ఫ్రేములోకి రాకుండా పట్టుకోండి. స్క్రీన్ మీద నలుపు చిక్కబడిందా, హుడ్ కొనండి, ప్రతి పైసా గిట్టుతుంది. ఏమీ మారలేదా, అయితే టార్చి వేసి అద్దాన్ని ఏటవాలుగా చూడండి, వేలిముద్ర జిడ్డు ఉండొచ్చు, లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్, అంటే బూజు. దానికి హుడ్ ఏం చేస్తుంది పాపం.

సమస్య: సూర్యుడు ఫ్రేములోనే ఉన్నాడు, వరసగా రంగు చుక్కలు పడుతున్నాయి

దీనికి హుడ్ దండగ. ఒక అడుగు పక్కకి జరిగి సూర్యుణ్ణి కొబ్బరి చెట్టు వెనక్కో, మనిషి తల వెనక్కో నెట్టండి.

సమస్య: రాత్రి ఫొటోల్లో వీధి దీపాలకి తలకిందులుగా నకళ్లు

చాలాసార్లు కెమెరాతో పాటు షాపులో అంటగట్టిన చవక యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే అద్దం) వల్లే. విప్పేసి ఒకసారి తీసి చూడండి, ఖర్చు లేని పని.

సమస్య: హుడ్ పెట్టాక మూలలు నల్లబడుతున్నాయి

రేకుల హుడ్ (అంచు పువ్వు రేకుల్లా కోసి ఉండేది) అయితే పొడుగు రేకులు పైనా కిందా రావాలి. ఫ్రేము మూలలు మధ్య నుంచి ఎక్కువ దూరం కాబట్టే అక్కడ ప్లాస్టిక్ కోసి ఉంటుంది, అది తప్పితే రేకు ఫొటోలోకి వస్తుంది. నా పాత కానన్ 18-55 ఐఎస్ 2 జూమ్ లెన్స్‌తో ఇంకో తంటా పడ్డాను: ఫోకస్ అయినప్పుడల్లా దాని ముందు భాగం తిరుగుతుంది, నేను పోయి ఆ ముందు భాగంలో ఫిల్టర్ బిగించే మర గాడిలోకే ఎక్కే రేకుల హుడ్ కొన్నాను, అందంగా ఉందని. ప్రతి ఫోకస్‌కీ రేకు ఒక్కో దిక్కు. ఆ లెన్స్‌కి కంపెనీ చేసిన ఈడబ్ల్యూ-60సి హుడ్ గుండ్రంగా ఎందుకుందో అప్పుడు బుర్రకెక్కింది.

సమస్య: ఫొటో అడుగున అర్ధచంద్రాకారంలో నీడ

కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్‌కి హుడ్ అడ్డం వస్తోంది, జూమ్ వెనక్కి తీసి వైడ్‌లో (వెడల్పుగా) తీస్తే మరీను. ఫ్లాష్ వాడేటప్పుడు హుడ్ తీసేయండి. ఇంట్లో ఎప్పుడూ ఆ ఫ్లాష్‌తోనే తీసేవాళ్లయితే అసలు కొనొద్దు.

సమస్య: జూమ్ చేస్తే హుడ్ పని చేయట్లేదు

కెమెరాతో పాటే వచ్చే 18-55 లాంటి కిట్ లెన్స్‌కి హుడ్‌ని, వెడల్పుగా కనిపించే 18 దగ్గర ఫ్రేములో పడకుండా ఉండాలని పొట్టిగా చేస్తారు, 55 కి వెళ్లేసరికి అది పేరుకే హుడ్. అక్కడ మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకోవడమే. అందుకే నేనైతే కిట్ లెన్స్‌కి కొనను, 50 కి, పొడుగు జూమ్‌కి కొంటాను.

ఏది కొనాలంటే, నికాన్ ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్ 1.8 జి లెన్స్‌కి హెచ్‌బీ-47 హుడ్ డబ్బాలోనే వస్తుంది, కానన్ 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎం వాళ్లు ఈఎస్-68 విడిగా కొనుక్కోవాలి. కంపెనీదే కావాలన్న పట్టుదల అక్కర్లేదు, ఇందులో అద్దం లేదు కదా. లోపలి వైపు మెరవకూడదు, తిప్పితే టక్కుమని పడి గట్టిగా నిలవాలి, ఈ రెండు చూసుకుంటే చాలు. మెరిసేది కొనేసి ఉంటే లోపల నల్ల వెల్వెట్ పేపర్ అంటించండి. బస్సు కిటికీలోంచి, మ్యూజియం అద్దాల్లోంచి తీసే అలవాటు ఉంటే రబ్బరు హుడ్ మేలు, అద్దానికి ఆనించి నొక్కితే మన చొక్కా ప్రతిబింబం పోతుంది.

అన్నట్టు, పెళ్లిళ్లలో చూస్తుంటాను, హుడ్ వెనక్కి తిప్పి లెన్స్‌కి తగిలించి అలాగే ఫొటోలు తీసేస్తుంటారు. అది బ్యాగులో పెట్టుకునే పద్ధతండీ, ముందుకు తిప్పుకోండి.