ట్రిగ్గర్ స్క్రూ తిప్పే ముందు

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012లో ఒలింపిక్ కాంస్యం గెలిచిన తరహా పోటీ ఎయిర్ రైఫిళ్ల ట్రిగ్గర్ వేలు ఆనితే చాలన్నట్టు ఉంటుంది. స్ప్రింగు బలంతో గాలిని నొక్కి గుండును పేల్చే ఇంట్లోని స్ప్రింగ్ రైఫిల్ నుంచి అంత ఆశించవద్దు. దాని ట్రిగ్గర్‌ను స్క్రూతో సరిచేసే ముందు ఇవి చూసుకోండి.

• బ్యారెల్‌లో గుండు లేదని చూసుకోండి. ఎక్కుపెట్టి ఉండకూడదు.

• పిల్లలను పక్క గదికి పంపండి, బాల్కనీ తలుపు వేయండి. అపార్ట్‌మెంట్లలో ఎదురింటి కిటికీ ఎంత దూరమని!

• ఫ్యాను ఆపి, తెల్ల తువ్వాలు పరిచి కూర్చోండి. ఎగిరిన చిన్న స్ప్రింగు కోసం సోఫా కింద టార్చి వేసి వెతకడం నాకు అలవాటే. కళ్లద్దాలు పెట్టుకోండి.

• స్క్రూ ఉన్న స్థానాన్ని ఫొటో తీశాకే, పావు చుట్టు చొప్పున తిప్పండి.

• సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పిస్టన్‌ను పట్టి ఉంచే కొక్కెం) అంచును ఆకురాయితో రుద్దవద్దు. గట్టిపరచిన పైపొర పలచగానే ఉంటుంది. అది పోతే అంచు త్వరగా అరిగి, పట్టు జారుతుంది. బ్యారెల్ వంచి గుండు పెడుతుండగా జారిందా, వేళ్లు నలిగినట్టే. ట్రిగ్గర్ కాస్త బరువుగా ఉంటే నష్టమేమీ లేదు.

• పెద్ద స్ప్రింగు విశ్రాంతిలోనూ నొక్కుకునే ఉంటుంది. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే పరికరం) లేకుండా దాన్ని ఆపి ఉంచే పిన్ను తీయవద్దు.

• కుట్టుమిషను నూనె వద్దు, పిస్టన్ గాలిని నొక్కే గదిలోకి చేరితే మండుతుంది.

• గుండు లేకుండా కాల్చి పరీక్షించవద్దు.