నీటిపక్షుల వేటకు లైసెన్సు ఎక్కడ ఇస్తారు? గుంటూరు, విజయవాడ వాసులకు వివరంగా

చలి మొదలై కొల్లేటిలో పరజలు, సూదితోక బాతులు దిగే రోజుల్లో ప్రతి ఏటా నన్ను ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: బాతుల వేటకు పర్మిట్ కోసం ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలి? అడిగేవారిలో చాలామంది చట్టాన్ని తప్పించుకోవాలనుకునేవారు కారు, ఇంట్లో తాతగారి నాటి తుపాకీ ఉండి, ఆయనకు అప్పట్లో వేట లైసెన్సు కూడా ఉండేదని విన్నవారు. వారు విన్నది నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో చిన్న జంతువులు, పక్షుల వేటకు ప్రత్యేకంగా లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు ఉంచింది. అయితే 1991లో చేసిన సవరణతో ఆ లైసెన్సుల విధానం మొత్తం రద్దయింది కాబట్టి, ఈ రోజు వినోదం కోసమో మాంసం కోసమో అడవి బాతును కొట్టడానికి అనుమతి ఇచ్చే కార్యాలయం మన రాష్ట్రంలోనే కాదు, దేశంలోనే ఎక్కడా లేదు. డబ్బు తీసుకుని అలాంటి కాగితం ఇప్పిస్తామని ఎవరైనా అంటే అది మోసమని నిశ్చయించుకోండి.

ముందుగా తెలుసుకోవలసినది వేట అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం. కాల్చి చంపడం ఒక్కటే వేట కాదు. వల వేసి పట్టడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, విషం కలిపిన గింజలు చల్లడం కూడా వేటే. పక్షుల విషయంలో గుడ్లు పగలగొట్టడం, గుడ్లను గాని గూళ్లను గాని కదిలించడం సైతం ఆ నిర్వచనంలోకే వస్తాయి. గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఒకే కొమ్మను పంచుకుని గూళ్లు కట్టుకుంటాయి. ఫొటో కోసం ఆ కొమ్మను ఊపి తల్లిని లేపితే, చేతిలో తుపాకీ లేకపోయినా, మనం చట్టం దృష్టిలో వేటగాళ్లమయ్యే ప్రమాదం ఉంది. స్థలం అభయారణ్యం కానవసరం లేదు. ఊరి చెరువైనా, సొంత పొలమైనా నిషేధం ఒకటే. వరి కోతల తరువాత చేలలో తిప్పే పెంపుడు బాతుల మందలకు మాత్రం ఈ చట్టంతో పని లేదు.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక శిక్షలు ఇలా ఉన్నాయి. సాధారణ నేరానికి మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలులోని (చట్టం అత్యధిక రక్షణ ఇచ్చిన జాబితాలోని) ప్రాణిని వేటాడినా, అభయారణ్యంలో వేటాడినా మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, దానితోపాటు ఇరవై అయిదు వేలకు తగ్గని జరిమానా. వాడిన తుపాకీ, వల, బండి కూడా ప్రభుత్వపరమవుతాయి. కొన్నవారు తప్పించుకుంటారనుకోవడం పొరపాటు. కైకలూరు వైపు రోడ్డు పక్కన ఒకసారి తడిగుడ్డ కప్పిన బుట్టను చూశాను. గుడ్డ తీస్తే నామాలకోళ్లు, రెక్కలు ఒకదానిలోకి ఒకటి మెలివేసి ఉన్నాయి, కళ్లు మాత్రం కదులుతున్నాయి. ఆ బుట్టను నేను మరచిపోలేను. కొనేవాడు బండి ఆపకపోతే ఆ బుట్ట అక్కడ ఉండేది కాదు.

ఇక తుపాకీ సంగతి. ఆయుధాల చట్టం కింద మీకున్న లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికే గాని వేటకు కాదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసిస్తూ లైసెన్సు తుపాకీ కలిగినవారు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్ర వన్యప్రాణి వ్యవహారాల ప్రధానాధికారి) దగ్గర గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి దగ్గర గాని పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది కనుక కైకలూరు చుట్టుపక్కల ఊళ్లవారు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రాతపూర్వక అనుమతి లేనిదే అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. తక్కువ శక్తిగల ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే అయినా, దానితో పిట్టను కొట్టినా నేరం నేరమే.

పంట నష్టపోతున్న రైతుకు ఒక దారి ఉంది. రెండో షెడ్యూలులోని (చట్టంలోని రెండో రక్షిత జాబితాలోని) ప్రాణి మనిషికి గాని, పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదకరంగా మారిందని నిర్ధారణ అయితే, వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు రాసి దాన్ని వేటాడటానికి అనుమతిస్తూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు చేతికి రాకముందు చేపల చెరువు మీద పక్షులు చిక్కుకునేలా వల కట్టవద్దు.

నిజంగా దొరికే అనుమతులు చూడటానికి, చదవటానికి సంబంధించినవి. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి, పరిశోధనకు, పర్యటనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి ఇస్తారు. పక్షిని పట్టి కాలికి రింగు తొడగడం వంటి పనులకు 12వ సెక్షన్ కింద వేరే అనుమతి కావాలి. దరఖాస్తులో మీరెవరు, ఏ సంస్థ తరఫున వస్తున్నారు, ఏ చోట ఏ తేదీల్లో ఉంటారు, ఎంతమంది, ఏ పరికరాలు తెస్తారు, ఏ పక్షుల మీద పని చేస్తారు అన్నవి స్పష్టంగా రాసి, ఆ ప్రాంతపు డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) కార్యాలయం ద్వారా పంపండి. సీజను ముంచుకొచ్చాక కాకుండా వర్షాకాలంలోనే పంపడం మంచిదని నా అభిప్రాయం.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ బాతుల వేట చట్టబద్ధమేనని చెబుతుంటారు. నిజమే, అయితే పదహారేళ్లు నిండినవారికి రాష్ట్ర లైసెన్సుతోపాటు ఇరవై అయిదు డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు (బాతుల వేటకు కేంద్ర ప్రభుత్వం అమ్మే స్టాంపు), వలస పక్షుల వేటగాళ్ల నమోదు ఉండాలి, సీసం గుళ్లు వాడకూడదు. ఆ కాగితాలేవీ ఇక్కడ చెల్లవు.

వేట కంటబడితే వేటగాళ్లతో గొడవకు దిగవద్దు. చోటు, సమయం, బండి నంబరు రాసుకుని అటవీ సిబ్బందికి గాని, 112కు గాని చెప్పండి. గాయపడిన పక్షి దొరికితే గాలాడే రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేనిచోట ఉంచండి. ముక్కు తెరిచి నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎంత జాలితో తెచ్చుకున్నా ఇంట్లో పెంచుకోవడానికి వీల్లేదు. నలభై ఎనిమిది గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనుకో, అటవీ అధికారికో సమాచారమిచ్చి అప్పగించాలి.