జోహానెస్‌బర్గ్‌కు కొత్తగా వచ్చారా? మీ ఇంట్లో పనిచేసేవాళ్ల గురించి కాస్త తెలుసుకోండి

శాండ్టన్‌లోనో మిడ్‌రాండ్‌లోనో ఇల్లు తీసుకున్నాక, పని కావాలని అడిగేవాళ్లు త్వరలోనే ఎదురవుతారు. వాళ్లలో చాలామంది జింబాబ్వే, మలావీ, మొజాంబిక్, లెసోతోల నుంచి వచ్చినవాళ్లు. ఇంటిపని, తోటపని, రాత్రి కాపలా, ఊబర్ అన్నీ వాళ్లే చేస్తుంటారు. బ్యాంకు ఖాతా గురించీ స్కూలు అడ్మిషన్ల గురించీ చెప్పడానికి మనవాళ్లు చాలామంది ఉన్నారు. వీళ్ల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ నాలుగు మాటలు.

2008లో జింబాబ్వేలో ధరలు ఎంతగా పెరిగాయంటే, వంద ట్రిలియన్ డాలర్ల నోటు అచ్చువేయాల్సి వచ్చింది. 2009లో ఆ కరెన్సీనే వదిలేశారు. టీచర్లు, నర్సులు సైతం లింపోపో నది దాటి ఇటు వచ్చారు. మీ ఇల్లు తుడుస్తున్న ఆవిడ అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పి ఉండొచ్చు. ఆమె జీతంతో రెండు ఇళ్లు నడుస్తాయి. టెంబీసా, డీప్‌స్లూట్ లాంటి పేదల బస్తీల్లో ఒక గది అద్దె, రోజూ మినీబస్ టాక్సీ ఛార్జీలు పోగా మిగిలింది సరిహద్దు దాటుతుంది. కొంత ముకురు అనే డబ్బు పంపే కంపెనీ ద్వారా డబ్బుగా వెళ్తుంది. కొంత మలయిత్షాలు అనే వ్యాన్లవాళ్ల చేతుల్లో నూనె, పిండి, సబ్బులుగా వెళ్తుంది. జనవరిలో అక్కడ బడులు తెరుస్తారు కాబట్టి, ఆ నెల అడ్వాన్స్ అడిగితే ఫీజు కోసమేనని అర్థం చేసుకోండి. ఇక్కడ ఒక ఉద్యోగం పోతే అక్కడ ఒక పిల్లవాడి చదువు ఆగిపోతుంది. ఎవరైనా చనిపోతే శవాన్ని ఊరికి పంపడానికి నెలనెలా చందా వేసుకునే సంఘాలు కూడా ఉన్నాయి. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు ఈ బతుకును విడమరిచి చెప్పక్కర్లేదు.

అద్దె కట్టలేనివాళ్లు నగరం మధ్యలో యజమానులు వదిలేసిన భవనాల్లో ఉంటారు. 2023 ఆగస్టు 31న మార్షల్‌టౌన్‌లో అలాంటి ఒక భవనం తగలబడి 70 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో వలస వచ్చినవాళ్లు చాలామంది.

ఇప్పుడు జీతం సంగతి. "వాళ్లకు ఇంతే ఇస్తారు, నువ్వు ఎక్కువిచ్చి రేటు పాడుచేయకు" అని పక్కింటివాళ్లు చెబుతారు. వినకండి. కనీస వేతనం 2025 మార్చిలో గంటకు 28 రాండ్ల 79 సెంట్లు అయింది. ఏటా మార్చిలో మారుతుంది, చూసుకోండి. రెండు గంటలే పని చేయించుకున్నా నాలుగు గంటల డబ్బు ఇవ్వాలి. నెలకు 24 గంటలు దాటితే యూఐఎఫ్‌లో, అంటే ప్రభుత్వ నిరుద్యోగ బీమా నిధిలో, నమోదు చేయించాలి. జీతంలో ఒక శాతం వాళ్లది, ఒక శాతం మీది. పూర్తికాలం పనిచేస్తే ఏడాదికి 21 రోజుల జీతంతో కూడిన సెలవు. టాక్సీ ఛార్జీ చట్టంలో లేదు, కానీ విడిగా ఇవ్వాలనే నేను అంటాను. దూరం నుంచి వచ్చేవాళ్ల జీతంలో పెద్ద ముక్క దానికే పోతుంది.

పనిలో పెట్టుకునే ముందు పర్మిట్ అడిగి చూడండి. అనుమతి లేనివాళ్లను పెట్టుకుంటే నేరం మీదవుతుంది. అలాగని కాగితాల్లేవు కదా అని చేసిన పనికి జీతం ఎగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు. అలాంటివాళ్లు కూడా ఉద్యోగ వివాదాలు పరిష్కరించే సీసీఎంఏ అనే సంస్థకు వెళ్లొచ్చని 2008లోనే తీర్పు వచ్చింది. దాదాపు 1,78,000 మంది జింబాబ్వేవాళ్లకు ప్రత్యేక పర్మిట్లు ఉన్నాయి. గడువు దగ్గరపడటం, మళ్లీ పొడిగించడం, ఈ మధ్యలో వాళ్ల టెన్షన్ చెప్పలేనిది. ఇప్పటి గడువు 2027 మే 28. పాత తేదీ చూసి పనిలోంచి తీసేయకండి, ప్రభుత్వ ప్రకటన చూడండి. 1860 నుంచి మద్రాసు ఓడల్లో ఈ దేశంలోని నటాల్ చెరకు తోటలకు వచ్చిన కూలీల్లో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఒప్పందం అయ్యాక తిరిగి వెళ్లకుండా ఉండిపోవాలంటే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టమని 1895లో చట్టం చేశారు. ఉండటానికి అనుమతి కోసం పడే బాధ మనకు కొత్తది కాదు.

"విదేశీయులు ఉద్యోగాలు లాక్కుంటున్నారు" అనే మాట ఆఫీసులోనూ, విందుల్లోనూ వినిపిస్తుంది. నిరుద్యోగం 30 శాతం దాటిన దేశంలో స్థానికుల బాధ నిజమే. కానీ ఆ కోపం పడేది అతి పేదవాళ్ల మీద. 2008 మేలో ఈ నగరంలోని అలెగ్జాండ్రా బస్తీలో మొదలైన దాడుల్లో 62 మంది చనిపోయారు, వాళ్లలో 21 మంది ఈ దేశస్థులే. 2019లో మళ్లీ దాడులు జరిగాయి. 2025లో విదేశీయులను వెళ్లగొట్టాలనే ఆపరేషన్ డుడులా అనే సంస్థ మనుషులు క్లినిక్‌ల ముందు నిలబడి కాగితాలు అడిగారు. అలా అడిగే అధికారం వాళ్లకు లేదని ఆ నవంబర్‌లో కోర్టు చెప్పింది. మనం కూడా వీసా మీద వచ్చినవాళ్లమే, ఉద్యోగాలు లాక్కుంటున్నారనే మాటకు తలూపకండి. ఊరేగింపులు, గొడవలు ఉన్న రోజు మీ ఇంట్లో పనిచేసేవాళ్లను రావద్దని ముందు రోజే చెప్పండి, ఆ రోజు జీతం కోయకండి. టాక్సీ స్టాండ్ల గుండా రావాల్సింది వాళ్లే.

డిసెంబర్ సగానికి చాలామంది ఊళ్లకు బయలుదేరతారు. జింబాబ్వేకు దాటే బీట్‌బ్రిడ్జ్ సరిహద్దులో గంటల తరబడి క్యూలు ఉంటాయి. సెలవు తేదీలు, బోనస్ నవంబర్‌లోనే మాట్లాడుకోండి. బస్సు టికెట్, సామాన్లు కొనుక్కోవాలి కాబట్టి ఆ నెల జీతం నెలాఖరు దాకా ఆపకుండా వాళ్లు బయలుదేరక ముందే చేతిలో పెట్టండి.