ఆమ్లాలు, క్షారాలు పలుచన చేసే ముందు జాగ్రత్తలు

సీసా మూత తీయకముందే పీహెచ్ అంకె (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చూపే కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసి ఉండాలి. ఈ స్కేలులో ఒక్కో మెట్టు పది రెట్లు. పీహెచ్ 5 ఉన్న ద్రావణంతో పోలిస్తే పీహెచ్ 2 ఉన్నదాంట్లో హైడ్రోజన్ అయాన్లు 1000 రెట్లు ఎక్కువ. అంటే పీహెచ్ 2 ఉన్న లీటరు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఉత్త నీళ్లతో 5కి తేవాలంటే మొత్తం 1000 లీటర్లు అవుతుంది. మీద పడ్డప్పుడు కాసిన్ని నీళ్లు పోసుకుని ఊరుకోకూడదనేది అందుకే.

ఇక అంకె చెప్పనిది. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనదే, అయినా గాఢంగా ఉంటే చర్మాన్ని కాల్చేస్తుంది. బలం వేరు, గాఢత వేరు: నీళ్లలో ఎంతమేరకు అయాన్లుగా విడిపోతుందన్నది బలం, ద్రావణంలో ఎంత ఆమ్లం ఉందన్నది గాఢత. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమూ లెక్కప్రకారం బలహీనమే. కానీ చర్మంలోంచి లోపలికి దిగి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసి ప్రాణం తీయగలదు. శిక్షణ లేకుండా, దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకోకుండా దాని జోలికి అసలు వెళ్లొద్దు.

పలుచన చేసేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఆమ్లం. లీటరు 1 మోలార్ (లీటరుకు ఒక మోల్ గాఢత ఉన్న) హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలంటే బీకరులో సగానికి పైగా నీళ్లు తీసుకుని, 37 శాతం ఆమ్లం 83 మి.లీ. కొద్దికొద్దిగా, కలుపుతూ పోయండి. చల్లారాక కొలజాడీలోకి మార్చి నీళ్లతో లీటరుకు నింపండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం దగ్గర ఈ వరస తప్పితే చాలా ప్రమాదం. అది నీటికన్నా దాదాపు రెండింతలు బరువు కాబట్టి, దానిమీద పోసిన నీళ్లు పైనే నిలిచి, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని మొహంమీదికి చిమ్ముతాయి.

ఆమ్లమంటే అందరూ భయపడతారు, కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) అనే క్షారాన్ని మాత్రం తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి కంటికి క్షారమే ఎక్కువ చేటు. ఆమ్లం తగిలిన చోట మాంసకృత్తులు గడ్డకట్టి కొంతవరకు అడ్డుపడతాయి. క్షారం కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. పైగా వెంటనే మంట పుట్టకపోవచ్చు. వేళ్లమధ్య సబ్బులా జారుతోందంటే మీ చర్మంలోని కొవ్వు నిజంగానే సబ్బుగా మారుతోందని అర్థం, వెంటనే కుళాయి కింద చెయ్యి పెట్టండి. కలిపేటప్పుడు చల్లటి నీళ్లలోకి బిళ్లలు కొన్నికొన్నిగా వేయండి. వేడినీళ్లు వాడితే ఒక్కసారిగా పొంగి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె పనికిరాదు. క్షారం దాన్ని తినేస్తూ మండే స్వభావమున్న హైడ్రోజన్‌ను వదులుతుంది. నిల్వకు ప్లాస్టిక్ సీసా మేలు, గాజు బిరడా బిగుసుకుపోతుంది.

మామూలు కళ్లద్దాలు చాలవు, పక్కలు మూసి ఉండే గాగుల్స్ పెట్టుకోండి. చేతులకు తొడుగులు, ఒంటికి ఏప్రాన్, కాళ్లకు మూసిన చెప్పులు. గాలి ఆడే చోటే పని మొదలుపెట్టండి.

బ్లీచింగ్ ద్రావణంలో ఏ ఆమ్లమూ కలవకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు. రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీసేవే.

కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని, ధారగా వచ్చే నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఒంటిమీద పడితే తడిసిన బట్టలు విప్పేసి అలాగే కడగాలి. ఆమ్లం పడ్డ చోట క్షారం, క్షారం పడ్డ చోట వెనిగర్ రాయడం తప్పు: ఆ చర్యలో పుట్టే వేడి పుండును పెంచుతుంది, కడగాల్సిన సమయమూ పోతుంది. మింగితే వాంతి చేయించొద్దు, గొంతు రెండోసారి కాలుతుంది.

నేలమీద ఒలికితే సంగతి వేరు. ఆమ్లంమీద అంచుల నుంచి మధ్యకు వంటసోడా చల్లి, నురగ ఆగేదాకా ఉండండి. క్షారానికైతే సిట్రిక్ ఆమ్లం పలుచటి ద్రావణం సరిపోతుంది. ఆ తర్వాత పీహెచ్ కాగితం పెట్టి చూడండి, 6కీ 8కీ మధ్య ఉంటేనే తుడవండి. బ్లీచింగ్ కలిసిన చోట ఆ కాగితాన్ని నమ్మొద్దు. కాగితంలోని రంగునే బ్లీచింగ్ విరిచేస్తుంది.