రంగు చంపిందా, మనమే చంపామా? ఎండాకాలం డాఫ్నియా పరీక్షకు ముందు జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలకు ప్రాజెక్టుల టెన్షన్ మొదలవుతుంది. వాళ్లలో ఏటా ఇద్దరు ముగ్గురైనా రంగుల మీద పడతారు. పడరా మరి, కొత్తవాడ పక్కనే ఉంది. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన వరంగల్ దుర్రీలు, అంటే నూలు తివాచీలు, నేసేది అక్కడే. నూలుకు రంగు వేశాక ఆ నీళ్లు ఎటు పోతాయి, అక్కడ బతికే జీవాలు ఏమవుతాయి అన్న ప్రశ్న ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు రాకమానదు.

దానికి జవాబు వెతకడానికి వాడే జీవి డాఫ్నియా. రొయ్యలకు దూరపు చుట్టం. అప్పుడే పుట్టిన పిల్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పుట్టి 24 గంటలు నిండని పిల్లలను వేర్వేరు మోతాదుల రంగు నీళ్లలో వదిలి, 24 గంటలు నిండాక ఒకసారి, 48 గంటలు నిండాక ఒకసారి ఎన్ని ఈదలేకపోతున్నాయో లెక్కపెట్టడమే పరీక్ష. ప్రపంచమంతా ఎక్కువగా పాటించే పద్ధతి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రాసిన 202వ నంబరు మార్గదర్శకం. చదివితే నాలుగు పేజీల పని అనిపిస్తుంది. మన ఊరి మే నెలలో చేస్తేనే తెలుస్తుంది అసలు సంగతి.

నా కళ్లముందు పాడైన ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువచోట్ల జీవులను చంపింది రంగు కాదు. ఎండ, నల్లా నీళ్లలోని క్లోరిన్, సబ్బు పోని బీకరు. ఒకసారైతే దోమల మందు. ఒక అమ్మాయి రాత్రి ఎనిమిది దాకా ల్యాబ్‌లో కూర్చుని, దోమలు కుడుతున్నాయని ప్లగ్గులో దోమల లిక్విడ్ మిషన్ పెట్టుకుంది. పొద్దున్నే ఫోన్: "సార్, రంగు లేని నీళ్లల్ల కూడా అన్నీ సచ్చినయ్." రంగు నీళ్లలో చచ్చాయంటే సంతోషపడేవాళ్లం, రిజల్ట్ వచ్చిందని. రంగు లేని కంట్రోల్ బీకరులోనూ చచ్చాయంటే ఆ రెండు రోజులూ దండగ. దోమల మందుల్లో ఉండేవి పైరెత్రాయిడ్లు. దోమ నరాలను దెబ్బతీసే మందు డాఫ్నియాను వదులుతుందా? చాలా తక్కువ మోతాదే చాలు. అందుకే పరీక్ష గదిలో లిక్విడ్లు, కాయిల్స్, బొద్దింకల స్ప్రే ఏవీ వద్దు. వీధిలో దోమల పొగ కొడుతుంటే కిటికీలు మూసేయండి. చేతులకు దోమల క్రీము రాసుకుని డ్రాపర్ పట్టుకోకండి. కుట్టనివ్వండి, రెండు రాత్రులే.

ఇక ఎండ. పరీక్ష 18 నుంచి 22 డిగ్రీల మధ్య జరగాలి, ఒకే పరీక్షలో ఒక డిగ్రీకి మించి అటూ ఇటూ కాకూడదు. బయట 43 ఉంటుంది. ఇంక్యుబేటర్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు, కానీ సాయంత్రం గాలిదుమారం లేస్తే ముందు పోయేది కరెంటే. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండేది, 35 దగ్గర 7కు పడిపోతుంది. జీవికేమో అదే సమయంలో ఎక్కువ ఆక్సిజన్ కావాలి. పైగా చాలా విషాలు వేడిలో ఇంకా తొందరగా పనిచేస్తాయి. అప్పుడు మీకు వచ్చే అంకె రంగుదా, ఎండదా? అందుకని మొదలుపెట్టే ముందు రోజే రెండు లీటర్ల సీసాలు నాలుగు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఉంచండి. పెద్ద థర్మోకోల్ డబ్బా ఒకటి పక్కన పెట్టుకోండి, చేపల మార్కెట్‌లో దొరికేది చాలు, కానీ బాగా కడిగి. కరెంటు పోతే బీకర్లు దాంట్లోకి, ఐసు సీసా ఒక మూలకు, బీకరును తాకకుండా. థర్మామీటరు గాలిలో వేలాడదీయకండి. అదే సైజు బీకరులో మామూలు నీళ్లు పోసి అందులో ఉంచండి. గాలి ఉష్ణోగ్రత రాసి నీళ్లది అనుకున్న రికార్డులు చాలా చూశాను.

నీళ్ల సంగతి. నల్లా నీళ్లు అస్సలు నేరుగా వాడొద్దు, క్లోరిన్ డాఫ్నియాకు పక్కా విషం. రెండు రోజులు బయట పెట్టి గాలి ఆడిస్తే పోతుంది అంటారు. చాలావరకు పోతుంది కూడా, కానీ టెస్ట్ స్ట్రిప్‌తో చూడకుండా నమ్మకండి. బోరు నీళ్లలో కాఠిన్యం మరీ ఎక్కువ ఉండొచ్చు. పరీక్షకు ఎక్కువగా వాడే జాతి డాఫ్నియా మాగ్నాకు అది కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 140 నుంచి 250 మిల్లీగ్రాములు ఉంటే మంచిది. అన్నిటికంటే మేలు డిస్టిల్డ్ వాటర్‌లో లవణాలు కలిపి మీరే తయారు చేసుకోవడం. చెరువు నీళ్లు సహజం కదా అని తెచ్చేవాళ్లుంటారు. వరంగల్ చుట్టూ పత్తి చేలు. ఆ చేల మీద కొట్టిన మందు వానకు కొట్టుకొచ్చేది ఆ చెరువులోకే. అదే కారణంతో చెరువులో వల వేసి పట్టిన జీవులు కూడా వద్దు. వాటి వయసు తెలియదు, అందులో మోయినా ఉంటుంది, సైక్లాప్స్ ఉంటుంది, డాఫ్నియా ఒక్కటే రాదు.

తల్లి కల్చర్‌ను, అంటే పిల్లలను పెట్టే డాఫ్నియాల పెంపకాన్ని, పరీక్షకు కనీసం మూడు వారాల ముందే మొదలుపెట్టండి. చూడాల్సింది ఒకటుంది. తల్లుల వీపు మీద గుర్రం జీనులా నల్లగా ఒక గుడ్డు సంచి కనిపిస్తే ఆ కల్చర్ కష్టాల్లో ఉన్నట్టు. తిండి చాలకో, కిక్కిరిసో, ఎండకో అవి ఎండు గుడ్లు పెడుతున్నాయి. ఆ పిల్లలతో పరీక్ష చేయకండి. మొదటి కాన్పు పిల్లలు కూడా వద్దు. పరీక్షకు ముందు రోజు సాయంత్రం తల్లుల నుంచి ఉన్న పిల్లలన్నీ తీసేయండి. మరునాడు పొద్దుటికి ఉన్నవి మాత్రమే మీ 24 గంటల లోపు పిల్లలు. ఐదు మోతాదులు, ఒక కంట్రోల్, ఒక్కోదానికి 20 చొప్పున 120 కావాలి. 150 ఉంటేనే మొదలుపెట్టండి, వదిలేటప్పుడు కొన్ని పోతాయి.

వదలడంలో కూడా ఒడుపుంది. సన్న మూతి డ్రాపర్ జీవిని నలిపేస్తుంది, మూతి వెడల్పుగా కోసి అంచు మంటకు చూపించి నునుపు చేసుకోండి. చుక్క పై నుంచి వేయకండి. డ్రాపర్ మూతి నీటి లోపల పెట్టి మెల్లగా వదలండి. పై నుంచి పడితే పెంకు కింద గాలి బుడగ ఇరుక్కుని జీవి నీటి మీద తేలిపోతుంది. ఎంత కొట్టుకున్నా మునగదు. మరునాడు దాన్ని కదలనిదాని కింద రాసేస్తారు. ఒక్కో జీవికి కనీసం 2 మిల్లీలీటర్లు, అంటే ఐదింటికి 10. రెండు రోజులూ తిండి పెట్టకూడదు, గాలి పంపు పెట్టకూడదు.

రంగు దగ్గరికొద్దాం. కొత్తవాడలో రంగు వేసే పెద్దాయన ఒకరిని మా విద్యార్థి పొడి అడిగితే, ఇస్తూ ఒకే మాట అన్నాడట: "బిడ్డా, ఫ్యాను కింద మూత తియ్యకు." ల్యాబ్ మాన్యువల్ కంటే మంచి సలహా. రియాక్టివ్ రంగుల పొడి పీలిస్తే కొందరికి ఆస్తమా అంటుకుంటుంది, ఒకసారి అంటుకున్నాక చిటికెడు పొడికే ఊపిరి బిగుస్తుంది. అందుకే తూకం వేసేంతసేపు ఫ్యాన్ ఆపండి, మేలో అది శిక్షే అయినా సరే. ఎన్95 మాస్కు, నైట్రైల్ గ్లవ్స్, తూకం యంత్రం కింద తడి గుడ్డ. ఒలికితే ఊడవకండి, తడి గుడ్డతో అద్ది తీయండి. బెంజిడిన్ నుంచి తయారైన అజో రంగులు మరీ జాగ్రత్త. బెంజిడిన్ క్యాన్సర్ కారకం, అలాంటి రంగులను మన దేశంలో 1990లలోనే నిషేధించారు. కాంగో రెడ్ ఆ జాతిదే. మన కాలేజీల అలమరాల్లో ఇంకా పాత సీసాలు కనిపిస్తుంటాయి. ప్రాజెక్టుకు వేరే రంగు చూసుకోండి.

బజారు రంగు డబ్బాలో అంతా రంగే ఉండదు, ఉప్పు కలుస్తుంది. డబ్బా మీద 55 శాతం అని ఉంటే 100 మిల్లీగ్రాముల అసలు రంగుకు 182 మిల్లీగ్రాములు తూచాలి. ఎంత స్వచ్ఛమో రాసి లేని పొడికి మీ ఫలితం ఆ డబ్బాకే పరిమితం, ఆ మాట రిపోర్టులో రాయండి. మలాకైట్ గ్రీన్, క్రిస్టల్ వయొలెట్ లాంటి బేసిక్ (ధనావేశం ఉన్న) రంగులు ప్లాస్టిక్‌కు పట్టేస్తాయి. పది వేశామనుకుంటాం, నీళ్లలో ఏడే ఉంటుంది. గాజు వాడండి. మొదట్లో, 48 గంటలకు కలరీమీటర్‌తో రంగు కొలవండి. 20 శాతం కంటే తేడా వస్తే వేసిన లెక్క కాదు, కొలిచిన లెక్క వాడాలి. పీహెచ్ కూడా రెండుసార్లు.

లెక్కపెట్టేటప్పుడు గాఢ రంగులో జీవులు కనపడవు. బీకరు కింద తెల్ల టైలు, పక్క నుంచి టార్చి. అప్పటికీ కాకపోతే మెల్లగా వాచ్‌గ్లాసులోకి తీయండి. బీకరును చిన్నగా కదిపి 15 సెకన్లు చూడండి. ఈదకపోతే కదలనిదే, మీసాలు ఆడిస్తున్నా సరే. పాపం బతికే ఉందిగా అని వదిలేస్తారు చాలామంది. మనం లెక్కపెట్టేది చావును కాదు, ఈదలేకపోవడాన్ని. అందుకే సగం జీవులు కదలకుండా పోయే మోతాదును ఎల్‌సీ50 (సగం చచ్చే మోతాదు) అనరు, ఈసీ50 అంటారు. రికార్డులో తప్పు పేరు రాస్తే వైవాలో అక్కడే పట్టుకుంటారు.

మీ జీవులు మామూలుగానే ఉన్నాయా అన్నది చూడటానికి పొటాషియం డైక్రోమేట్‌తో ఒక పరీక్ష ముందే చేయండి. 24 గంటల ఈసీ50 లీటరుకు 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య రావాలి. అది ఆరు వాలెన్సీ క్రోమియం, క్యాన్సర్ కారకం. గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు. మిగిలిన ద్రావణాన్ని విడి సీసాలో పోసి పేరు, తేదీ రాయండి. రంగు నీళ్లు వేరే క్యానులో. సింకులో పోస్తే పోయేది మోరీలోకి, అక్కడి నుంచి చెరువులోకి, ఎవరి మీద పరీక్ష చేశామో వాళ్ల ఇంటికే. బ్లీచింగ్ వేసి రంగు విరిచేసి పోయడం కూడా పరిష్కారం కాదు. రంగు కనపడకుండా పోతుంది, విషం పోయిందని ఎవరు చెప్పారు?

48వ గంటకు ముందు కంట్రోలే చూడండి. ఇరవైలో రెండు దాకా పోతే పరవాలేదు. మూడు పోతే మిగతా బీకర్లు లెక్కపెట్టడం కూడా అనవసరం, పరీక్ష మళ్లీ మొదటి నుంచే. ఆ సాయంత్రం ఆరింటికే తల్లులను మళ్లీ వేరు చేయండి, ఐసు సీసాలు ఫ్రీజర్‌లో పెట్టడం మర్చిపోకండి.