నైట్రాక్స్ ఆన్‌లైన్ కోర్సు: చదువు ఇంట్లో, పరీక్ష సిలిండర్ దగ్గర

స్కూబా డైవింగ్‌లో నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువగా కలిపిన గాలి) ఉంటే ఇంకా లోతుకు దిగొచ్చని కోర్సులో చేరేవాళ్లున్నారు. నిజానికి జరిగేది ఉల్టా: ఆక్సిజన్ పెరిగేకొద్దీ దిగదగ్గ లోతు తగ్గుతుంది. పెరిగేది నైట్రోజన్ పరంగా నీళ్లలో ఉండగలిగే సమయం. మామూలు గాలిలో నైట్రోజన్ 79 శాతమైతే 32 శాతం నైట్రాక్స్‌లో 68 శాతమే. అందుకని 18 మీటర్ల దగ్గరున్నా, ఒంట్లోకి నైట్రోజన్ ఎక్కేది గాలితో 14 మీటర్ల దగ్గర ఉన్నంతే. సిలిండర్‌లోని గాలి మాత్రం ఒక్క నిమిషం కూడా ఎక్కువ రాదు.

డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ (PADI) కోర్సుకు 12 ఏళ్లు నిండి, ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి డైవింగ్ సర్టిఫికెట్ ఉంటే చాలు. డైవ్‌లు చేసితీరాలన్న నియమం లేదు. థియరీకి ఒకట్రెండు సాయంత్రాలు పడుతుంది. అండమాన్ వెళ్తున్నవాళ్లు విమానం ఎక్కకముందే ముగించుకోండి, అక్కడి నెట్‌ను నమ్ముకోవద్దు. వెళ్లే డైవ్ సెంటర్‌లో నైట్రాక్స్ నింపుతారో లేదో కూడా ముందే అడగండి.

థియరీలో చేతికి ఎక్కాల్సిన లెక్క ఒకటే. ఆక్సిజన్ పాక్షిక పీడనానికి (పీల్చే గాలిలో ఆక్సిజన్ ఒక్కదాని ఒత్తిడి) హద్దు 1.4 బార్. ఆ 1.4ను ఆక్సిజన్ భాగంతో (32 శాతమైతే 0.32) భాగించి, 1 తీసేసి, 10తో గుణిస్తే గరిష్ఠ లోతు మీటర్లలో వస్తుంది. 32 శాతానికి 33.75, అంటే 33 మీటర్లు. 36 శాతానికి 28. దశాంశం ఎంతున్నా కిందికే దించాలి. అదే 32 శాతంతో 40 మీటర్లకు జారితే ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.6కు చేరుతుంది. అక్కడ ఫిట్స్ రావచ్చు, ముందు ఏ హెచ్చరికా లేకుండానే. నీళ్లలో ఫిట్స్ వస్తే నోట్లోంచి రెగ్యులేటర్ (గాలి అందించే పరికరం) జారిపోతుంది; ప్రాణం తీసేది ఆ మునకే. 1.4 దగ్గరైనా ఒక డైవ్‌కు 150 నిమిషాలే హద్దు.

ఇక తెర నేర్పలేని పని: సిలిండర్‌లో ఆక్సిజన్ శాతం కొలిచే అనలైజర్ వాడకం. ముందు దాన్ని మామూలు గాలిలో 20.9కు సరిచేయాలి, అదీ సిలిండర్ కొలవబోయే చోటే, నీడలో. ఏసీ గదిలో సరిచేసి ఎండలో పడవ మీద కొలిస్తే అంకె తప్పుతుంది. తర్వాత వాల్వ్‌ను బాగా సన్నగా తిప్పి, గాలి మెల్లగా సెన్సర్ మీదుగా పోనివ్వండి. బుస్సుమని వదిలితే ఒత్తిడికి అంకె ఎక్కువ చూపిస్తుంది. సెన్సర్‌కు తడి తగిలితే తక్కువ చూపిస్తుంది. అంకె కదలకుండా నిలిచేదాకా ఆగండి, నిమిషం పట్టినా సరే. 20.9 దగ్గరే నిలవనంటే సెన్సర్ అయిపోయినట్టే, ఇంకో అనలైజర్ అడగండి.

రాసుకోవాల్సింది కొలిచిన అంకె, మీరు అడిగిన అంకె కాదు. 31.6 వస్తే లోతు లెక్కకు 32 అనుకోండి. 34 వచ్చిందా, గరిష్ఠ లోతు 31కి దిగిపోయింది. డైవ్ ప్లాన్ మార్చండి. శాతం, గరిష్ఠ లోతు, పీడనం, తేదీ, మీ పేరు టేపు మీద రాసి సిలిండర్‌కు అంటించండి. మీరు కొలిచి, మీరు రాసినదాన్నే మీరు తగిలించుకోవాలి. దగ్గరుండి చూడకుండా ఇంకొకరు కొలిచినదాన్ని కాదు.

చివరగా డైవ్ కంప్యూటర్‌లో (లోతు, సమయం లెక్కగట్టే చేతి పరికరం) ఆ శాతం పెట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే: కంప్యూటర్ గాలి మీదే ఉండిపోతే లోతు హద్దు దాటినా అలారం మోగదు. కొన్ని మోడళ్లు డైవ్ అయ్యాక సెట్టింగ్‌ను వాటంతటవే మార్చేస్తాయి, కాబట్టి రెండో సిలిండర్‌కు మళ్లీ చూసుకోవాలి. జోడీ డైవర్ సిలిండర్‌లో శాతం వేరైతే, ఇద్దరి లోతుల్లో తక్కువదే ఇద్దరికీ హద్దు.