బుక్ చూసి ఫోటో ఎడిటింగ్ నేర్చుకోవడం ఎలా? చాప్టర్లు పూర్తయినా చెయ్యి తిరగట్లేదంటే ఇలా చేసి చూడండి

ఫోటో ఎడిటింగ్ బుక్ కొనుక్కుని, దాంతో ఇచ్చిన ఫోటోలు డౌన్‌లోడ్ చేసుకుని, ఒక్కో చాప్టర్ పొల్లుపోకుండా చేసుకుంటూ పోయి, సగం బుక్ అయ్యాక సొంత ఫోటో ఒకటి తెరిచి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ఆగిపోయేవాళ్ళని చాలామందిని చూశాను, అలాంటివాళ్ళకి పక్కన కూర్చుని నేర్పించాను కూడా. వాళ్ళకి తెలివి తక్కువేం కాదు, బుక్కులో తప్పు కూడా చాలాసార్లు ఉండదు. బుక్కు చెప్పిన అంకె బుక్కు ఇచ్చిన ఫోటోకి కొట్టారు, ఫోటో బాగా వచ్చింది, తర్వాత పేజీకి వెళ్ళిపోయారు. ఆ అంకె ఎక్కడ్నుంచి వచ్చిందో ఎవరూ పట్టించుకోలేదు, చిక్కంతా అక్కడే ఉంది. మిగతా స్టెప్పులు గబగబా చెప్పేస్తాను, ఐదో స్టెప్ మాత్రం నిదానంగా చదవండి.

1. బుక్ ఎంచుకోవడం

ప్రాక్టీస్ ఫైల్స్ ఉండాలి, స్టెప్ పక్కన స్క్రీన్ ఎలా కనపడాలో బొమ్మ ఉండాలి, ఆ పని ఎందుకు చేస్తున్నామో ఒక్క వాక్యమైనా ఉండాలి. మూడోది లేకపోతే ఆ బుక్ వద్దు, ఎంత అందంగా అచ్చేసినా సరే.

పాత బుక్ అని వెనకాడక్కర్లేదు. ఫోటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది, లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చుకునే పొరలు) 1994లో 3.0 వెర్షన్‌తో వచ్చాయి, లెవెల్స్, కర్వ్స్ (వెలుగు నీడలు సర్దే పనిముట్లు), మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచేది) ఇవన్నీ ఇప్పటికీ అదే సూత్రం మీద నడుస్తున్నాయి. మెనూలో చోటు మారి ఉంటుంది, వెతుక్కుంటే దొరుకుతుంది, ఆ వెతుక్కోవడంలో ఇంకో నాలుగు విషయాలు కంటపడతాయి కూడా. గింప్ (ఫోటోషాప్ లాంటిదే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) బుక్ అయితే మాత్రం వెర్షన్ చూసుకోండి, 2025లో వచ్చిన 3.0లో ఫిల్టర్ వేశాక కూడా మళ్ళీ వెనక్కెళ్ళి దాని సెట్టింగ్ మార్చుకునే వీలు వచ్చింది, అంతకుముందు బుక్కుల్లో ఆ పద్ధతి ఉండదు.

బుక్ ఏ సాఫ్ట్‌వేర్ మీదైతే అదే వాడండి. ఫోటోషాప్ బుక్ ముందు పెట్టుకుని గింప్‌లో చేస్తానంటే మొదట్లోనే రెండు పనులు నెత్తినేసుకున్నట్టు. గింప్ ఉచితం, మంచిది కూడా, గింప్‌లోనే నేర్చుకోవాలనుంటే గింప్ బుక్కే తీసుకోండి.

ఇంకోటి, అచ్చు పుస్తకమే కావాలి. పీడీఎఫ్ అదే స్క్రీన్ మీద పక్కన తెరుచుకుంటే ఫోటోకి సగం చోటే మిగులుతుంది, పైగా పెన్సిల్‌తో రాసుకునే వీలుండదు, ఆ పెన్సిల్ అవసరం ఐదో స్టెప్‌లో తెలుస్తుంది.

2. సామాను

సాఫ్ట్‌వేర్ తడబడకుండా నడిచే కంప్యూటర్, ఒక మౌస్. టచ్‌ప్యాడ్‌తో మాస్క్ గీయకండి, చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. పెన్ టాబ్లెట్ ఇప్పుడే అక్కర్లేదు.

స్క్రీన్‌లో నైట్ లైట్ ఆపేయండి, లేకపోతే స్క్రీన్ పసుపుగా కనపడుతుంది, మీరు దాన్ని సరిచేద్దామని ఫోటోకి నీలం కలిపేస్తారు. ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆపేయండి. గదిలో లైటు ఎప్పుడూ ఒకేలా ఉంచుకోండి. ఇంతే.

3. ఫోల్డర్లు

మూడు ఫోల్డర్లు పెట్టుకోండి: ఒరిజినల్స్, పనిలో ఉన్నవి, పూర్తయినవి. ఒరిజినల్ మీద సేవ్ కొట్టడం అనేది జరగకూడదు, ఎప్పటికీ. పనిలో ఉన్న ఫైల్ ఫోటోషాప్‌లో అయితే పీఎస్‌డీగా, గింప్‌లో అయితే ఎక్స్‌సీఎఫ్‌గా ఉంచండి, అప్పుడే లేయర్లు మిగులుతాయి. జేపెగ్‌ని తెరిచి మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ మళ్ళీ కుదింపు జరిగి కొంత వివరం పోతుంది, అందుకే జేపెగ్ చిట్టచివర్లో ఒక్కసారే.

4. మొదటిసారి బుక్ చెప్పినట్టే చెయ్యడం

ఎక్సర్‌సైజ్ మొత్తం ముందు ఒకసారి చదవండి, మౌస్ ముట్టుకోకుండా. చివరి బొమ్మ చూశాక మొదటి బొమ్మకి తిరిగొచ్చి ఏం మారిందో మీ మాటల్లో చెప్పుకోండి, ఆకాశం ముదిరింది, మొహం మీద నీడ తగ్గింది, ఇలా. తర్వాత బుక్ చెప్పినట్టే చెయ్యండి, అంకెలు కూడా అవే. ఒక్కో స్టెప్ అయ్యాక లేయర్ పక్కన కన్ను గుర్తు ఆర్పి, వెలిగించి తేడా చూడండి. తేడా కనపడకుండా ముందుకెళ్ళకండి.

ఒకసారి కూర్చుంటే ఒక ఎక్సర్‌సైజే, రెండోది రేపు. మొదటిది మీ ఫోటో మీద చెయ్యకుండా రెండోది తెరిస్తే మొదటిది పోయినట్టే లెక్క.

5. బుక్ మూసేసి మీ ఫోటో మీద చెయ్యడం

ఇదే చాలామంది దాటేసే స్టెప్, దాటకుండా చేసినవాళ్ళలో కూడా ఎక్కువమంది తప్పుగా చేసేది. మీ ఫోటో తెరిచి, బుక్కులో అంకెలే దానికీ కొట్టి, బాగా రాలేదని, నా కెమెరా మంచిది కాదనో బుక్ పనికిరాదనో అనుకుంటారు. ఆ అంకెలు ఆ ఫోటోవి, మీ ఫోటోతో వాటికి సంబంధం లేదు.

లెవెల్స్‌తో చూపిస్తాను. బుక్కులో పొగమంచు పట్టిన కొండ ఫోటో ఉందనుకోండి. హిస్టోగ్రామ్ అంటే ఫోటోలో ఎంత వెలుగున్న పిక్సెల్స్ ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫ్, అది 0 నుంచి 255 దాకా ఉంటుంది, ఎడమ చివర పూర్తి నలుపు, కుడి చివర పూర్తి తెలుపు, మంచు ఫోటోలో గుట్టంతా మధ్యలోనే ఉంటుంది, రెండు వైపులా ఖాళీ. అందుకని బుక్ రాసినాయన నల్ల స్లైడర్ 32కి, తెల్ల స్లైడర్ 214కి జరపమన్నాడు, గుట్ట రెండు చివర్లకీ సాగింది, మంచు తెర తొలిగినట్టయింది. ఆ ఫోటోకి అది న్యాయమే.

ఇప్పుడు మీ ఫోటో. కిటికీ పక్కన కూర్చున్న మనిషి, ఒక చెంప మీద వెలుగు, ఇంకో చెంప నీడలో, నల్ల జుట్టు, ముదురు రంగు చొక్కా. ఇక్కడ హిస్టోగ్రామ్ ఎడమ గోడని అప్పటికే ఆనుకుని ఉంది. దీనికి 32 కొడితే ఏమవుతుంది? 32 కన్నా తక్కువ ఉన్న ప్రతి పిక్సెల్ 0 అయిపోతుంది. జుట్టులో పాయలు కలిసిపోయి ఒకే నల్ల ముద్ద, చొక్కా కాలర్ ఎక్కడ మొదలైందో తెలీదు, గుండీలు మాయం. అటువైపు 214 కొడితే వెలుగు పడ్డ చెంప మీద 220, 230 ఉన్నవన్నీ 255కి పోయి చర్మం మీద తెల్లకాగితం అతికించినట్టు ఒక మచ్చ. ఏ స్లైడరూ దాన్ని మళ్ళీ సరిచెయ్యలేదు, అడ్జస్ట్‌మెంట్ లేయర్ (ఫోటోని ముట్టుకోకుండా మార్పుని మాత్రమే పైన ఉంచే పొర) మీద చేసుంటే మాత్రం ఆ లేయర్‌నే వెనక్కి మార్చుకోవచ్చు, అందుకే అడ్జస్ట్‌మెంట్ లేయర్ లేకుండా నేరుగా ఫోటో మీద లెవెల్స్ వెయ్యొద్దని ప్రతిసారీ చెప్తాను.

మరి ఏం చెయ్యాలి? ఫోటోషాప్‌లో అయితే ఆల్ట్ నొక్కిపెట్టి తెల్ల స్లైడర్ జరపండి, మ్యాక్‌లో ఆప్షన్ కీ. స్క్రీన్ మొత్తం నల్లగా అవుతుంది, ఎక్కడ వివరం పోతుందో అక్కడ మాత్రమే చుక్కలు వెలుగుతాయి. కిటికీ అద్దం మీద వెలిగితే పర్లేదు, కళ్ళజోడు ఫ్రేమ్ మీద మెరుపు దగ్గర వెలిగినా పర్లేదు, చెంప మీద మొదటి చుక్క కనపడగానే ఆగి కొంచెం వెనక్కి రండి. నల్ల స్లైడర్‌కి ఇదే తిరగేసి, స్క్రీన్ తెల్లగా అవుతుంది, జుట్టులో ముద్దలు మొదలవకముందే ఆగాలి. ఈ ఫోటోకి నల్ల స్లైడర్ ముట్టుకోనవసరమే రాకపోవచ్చు. తర్వాత మధ్య స్లైడర్ 1.00 నుంచి నెమ్మదిగా పైకి పెంచండి, చూపు నీడలో ఉన్న చెంప మీదే ఉండాలి. అది 1.12 దగ్గర ఆగిందా 1.20 దగ్గర ఆగిందా అన్నది మీ ఫోటో చెప్తుంది. గింప్‌లో అయితే హిస్టోగ్రామ్ ప్యానెల్ పక్కన తెరిచి పెట్టుకుని రెండు చివర్లా గోడకి ఎంత గుద్దుకుంటుందో చూసుకుంటూ జరపండి.

రెండో రకం అంకెలు ఇంకా మోసం చేస్తాయి, ఎందుకంటే వాటిని ఎవరూ అనుమానించరు. ఫెదర్ (ఎంచుకున్న భాగం అంచుని మెత్తబరచడం) 5 పిక్సెల్స్, బ్లర్ రేడియస్ 3, అన్‌షార్ప్ మాస్క్ (ఫోటోని షార్పెన్ చేసే ఫిల్టర్) రేడియస్ 1, ఇలాంటివి. బుక్‌తో ఇచ్చే ఫోటోలు డౌన్‌లోడ్ తేలికగా ఉండాలని చాలాసార్లు చిన్నవి చేసి ఇస్తారు. బుక్ ఫోటో వెడల్పు 1500 పిక్సెల్స్ అనుకోండి, మీ 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో వెడల్పు 6000. నాలుగు రెట్లు. బుక్ ఫోటోలో 5 పిక్సెల్స్ ఫెదర్ ఇచ్చిన మెత్తదనం మీ ఫోటోలో రావాలంటే దాదాపు 20 పెట్టాలి. 5 పెట్టి సెలెక్షన్ అంచు కత్తెరతో కోసినట్టుందని బాధపడేవాళ్ళు చాలామంది, వాళ్ళ సెలెక్షన్ నిజానికి బాగానే ఉంటుంది. కాబట్టి పిక్సెల్స్‌లో ఏ అంకె కనపడినా ముందు రెండు ఫోటోల వెడల్పు చూసి భాగహారం చేసుకోండి, అక్కడ్నుంచి కంటితో సర్దుకోండి. షార్పెనింగ్ మాత్రం ఫోటోని 100% జూమ్‌లో పెట్టే చూడండి, చిన్నగా కనపడేటప్పుడు చూస్తే మోసపోతారు.

మూడో రకం, లేయర్ ఒపాసిటీ (లేయర్ ఎంత గాఢంగా కనపడాలో) 40%, సాచురేషన్ (రంగుల గాఢత) ప్లస్ 15 లాంటివి. ఇవి రాసినాయన ఇష్టం. మీ ఇష్టం పెట్టుకోండి, కాకపోతే సగం తగ్గించి పెట్టుకోండి, కొత్తలో అందరి చెయ్యీ ఎక్కువకే పోతుంది, మనుషుల మొహాలు నారింజ రంగులోకి వెళ్ళేది ఇక్కడే.

పెన్సిల్ ఇందుకే అన్నాను. బుక్కులో ప్రతి అంకె పక్కన మార్జిన్‌లో ఒక గుర్తు రాయండి: హిస్టోగ్రామ్ చూసి పెట్టిందైతే "హి", పిక్సెల్ సైజుని బట్టి మారేదైతే "పి", కంటికి నచ్చినట్టు పెట్టిందైతే "క". ఏ గుర్తు రాయాలో తెలియలేదంటే ఆ స్టెప్ మీకింకా అర్థం కాలేదని, మళ్ళీ చదవండి. ఒక చాప్టర్‌కి ఈ గుర్తులు పెట్టాక మీ ఫోటో దగ్గరికొస్తే భయం ఉండదు, చూసుకోవాల్సింది ఏంటో చేతిలో ఉంటుంది.

బుక్ నిజంగా మూసెయ్యాలి, పక్కన తెరిచి పెట్టుకుని చూడను అంటే కుదరదు, చూస్తారు. ఎక్కడైనా ఆగిపోతే తెరిచి, ఆ ఒక్క స్టెప్ చదివి, మళ్ళీ మూసేసి చెయ్యండి. అయిపోయాక వెంటనే బాగుందో లేదో తేల్చకండి, కళ్ళు ఆ రంగుకి అలవాటు పడిపోయి ఉంటాయి, కాసేపు లేచి తిరిగొచ్చి ఒరిజినల్ పక్కన పెట్టి చూడండి.

వీడియోలు చూసి నేర్చుకోవచ్చు కదా అని అడుగుతారు. వీడియోలో మౌస్ ఎక్కడికి వెళ్తే మీ మౌస్ అక్కడికి వెళ్తుంది, ఆపి, చేసి, మళ్ళీ నడిపి, అయిపోయింది, మెదడుకి పని పడలేదు. బుక్కులో రాసింది చదివి, స్క్రీన్ మీద అది ఎక్కడుందో వెతికి, చేసి, బొమ్మతో పోల్చుకోవాలి, ఆ శ్రమే చదువు. ప్రీసెట్లు, ఒక్క క్లిక్కు ఎఫెక్టులు కూడా ఈ దశలో వద్దు, అవి కూడా వేరేవాళ్ళ ఫోటో మీద ఎవరో పెట్టిన అంకెలే.

6. మాస్క్ దగ్గర ఒక్క జాగ్రత్త

మాస్క్ మీద తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది, ఇంతే సూత్రం. బ్రష్ తీసుకున్నాక లేయర్స్ ప్యానెల్‌లో రెండు చిన్న బొమ్మల్లో దేని చుట్టూ గీత ఉందో చూడండి. ఫోటో బొమ్మ చుట్టూ ఉంటే మీరు ఫోటో మీద నల్లరంగు పూస్తున్నారు, మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేసి మొదలుపెట్టాలి. ఫోటోషాప్‌లో డి నొక్కితే రంగులు నలుపు తెలుపుకి వస్తాయి, ఎక్స్ నొక్కితే అటూ ఇటూ మారతాయి, ఎడమ చెయ్యి ఎప్పుడూ కీబోర్డ్ మీదే ఉండాలి.

7. చాప్టర్ల వరస

బుక్ వరస పాటించక్కర్లేదు. లెవెల్స్, కర్వ్స్, రంగు సరిచెయ్యడం, సెలెక్షన్లు, మాస్కులు, మచ్చలు తియ్యడం, చివర్లో షార్పెనింగ్. కొలాజ్‌లు, అక్షరాలకి మంటలు, ఇలాంటి చాప్టర్లు ఇవన్నీ వచ్చేదాకా ముట్టుకోకండి. రా ఫైల్స్ (కెమెరా జేపెగ్‌గా మార్చకముందు ఇచ్చే ముడి ఫైల్స్) చాప్టర్ మాత్రం త్వరగా చదవండి, 8-బిట్ జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 14-బిట్ రా ఫైల్లో 16,384, నీడలు బాగా పైకి లేపాల్సిన ఫోటోల్లో ఆకాశం చారలు చారలుగా రాకుండా కాపాడేది ఈ తేడానే. రా నుంచి తెరిచేటప్పుడు 16-బిట్‌లో తెరవండి, లేకపోతే ఆ మెట్లన్నీ గుమ్మం దగ్గరే పోతాయి.

పూర్తయిన ఫోటో బయటికి పంపేటప్పుడు ముందు కావాల్సిన సైజుకి తగ్గించండి, ఆ తర్వాతే షార్పెన్ చెయ్యండి, కలర్ ప్రొఫైల్ (అంకెలు ఏ రంగుగా కనపడాలో చెప్పే సమాచారం) ఎస్‌ఆర్‌జీబీకి మార్చి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకో ప్రొఫైల్‌లోనే వదిలేస్తే ప్రొఫైల్ పట్టించుకోని స్క్రీన్ల మీద రంగులు వెలిసిపోయినట్టు కనపడతాయి. ఇది కూడా అయ్యాక, అదే చాప్టర్‌ని వెలుగు పూర్తిగా వేరేలా పడ్డ ఇంకో ఫోటో మీద బుక్ తెరవకుండా చెయ్యండి, అది కుదిరాకే తర్వాతి చాప్టర్.